నాటిన లెక్క, నిలిచిన లెక్క: దక్షిణ తెలంగాణ మెట్ట నేలల్లో వనీకరణ

2015 జూలై 3న చిలుకూరులో ‘తెలంగాణకు హరితహారం’ మొదలైనప్పుడు ప్రభుత్వం ప్రకటించిన అంకె 230 కోట్ల మొక్కలు. రాష్ట్ర భూభాగంలో 24 శాతంగా చెబుతున్న పచ్చదనాన్ని 33 శాతానికి తీసుకువెళ్ళడం ఆ కార్యక్రమం ఉద్దేశం. తర్వాతి ఏళ్ళలో అందరి నోటా నలిగింది ఆ మొత్తం అంకె ఒక్కటే. దాని లోపలి విభజనను పట్టించుకున్నవారు తక్కువ. అడవి బయట, అంటే ఊళ్ళలో, రోడ్ల వెంట, పొలాల్లో, హైదరాబాద్ మహానగర పరిధిలో పెంచవలసినవి 130 కోట్లు. నోటిఫై అయిన అడవి లోపల పెంచవలసినవి 100 కోట్లు. ఈ 100 కోట్లలో గుంత తీసి నాటవలసినవి 20 కోట్లే. మిగిలిన 80 కోట్లు నర్సరీ నుంచి వచ్చేవి కావు. నరికేసిన మోళ్ళ నుంచి, నేలలో చావకుండా మిగిలిన వేళ్ళ నుంచి, రాలిన గింజల నుంచి తమంత తాము లేచి రావలసినవి. ప్రణాళికలో అన్నిటికన్నా బరువైన భాగాల్లో ఒకటైన ఈ 80 కోట్లు ప్రచారంలో ఎక్కడా కనిపించలేదు. గుంత పక్కన నిలబడి ఫోటో దిగవచ్చు గానీ, మోడు పక్కన నిలబడి దిగే ఫోటోకు విలువ లేదు.

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల వంటి వర్షాభావ ప్రాంతానికి వనీకరణ విధానం ఏ మేరకు పనికివస్తుందన్న ప్రశ్నను ఈ విభజన నుంచే చూడవలసి ఉంటుంది. ఇక్కడ నాటడం తేలిక, నిలబెట్టడం కష్టం. ఉన్న వేరును కాపాడడం చవక, కానీ దానికి ఓపిక కావాలి. ప్రభుత్వాలు ఎక్కువ డబ్బు, ఎక్కువ ఉత్సాహం పెట్టింది మొదటిదాని మీద.

33 శాతం అనే లక్ష్యం తెలంగాణ కనిపెట్టింది కాదు. దేశ భూభాగంలో మూడో వంతు అడవి లేదా చెట్ల కింద ఉండాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. దేశం మొత్తానికి చెప్పిన సగటును ఒక్కొక్క రాష్ట్రం, ఒక్కొక్క జిల్లా తన లక్ష్యంగా రాసుకోవడంతో చిక్కు మొదలైంది. గోదావరి పక్కనున్న ములుగు అడవులకూ, తుంగభద్ర ఒడ్డునున్న అలంపూర్ చేలకూ ఒకే కొలత పెట్టడంలో అర్థం లేదు. అదీగాక ఈ 24 శాతం కూడా కాగితం మీది అడవి. చట్టప్రకారం అటవీ భూమిగా నమోదైన విస్తీర్ణం రాష్ట్ర వైశాల్యంలో 24 శాతం పైచిలుకు ఉంటే, ఉపగ్రహ చిత్రాల ఆధారంగా భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2021 నివేదికలో చూపిన అటవీ విస్తీర్ణం 21,214 చదరపు కిలోమీటర్లు, అంటే 18.93 శాతం. ఆ 18.93లోనూ అటవీ భూమి కానివి కలిసే ఉన్నాయి. ఒక హెక్టారుకు తగ్గని జాగాలో, పైనుంచి చూస్తే పది శాతానికి మించి కొమ్మల నీడ ఉంటే చాలు; అది ఎవరి భూమి, ఏ చెట్టు అన్నది చూడకుండా అడవి కింద లెక్కిస్తారు. మామిడి తోట, జామాయిల్ తోట, చెరువు శిఖంలో అల్లుకుపోయిన సర్కారు తుమ్మ, ఏదైనా సరే.

2019, 2021 నివేదికల మధ్య తెలంగాణలో అటవీ విస్తీర్ణం 632 చదరపు కిలోమీటర్లు పెరిగింది; ఆంధ్రప్రదేశ్ తర్వాత దేశంలో అదే ఎక్కువ. ఆ పెరుగుదలను హరితహారం ఘనతగా చెప్పుకున్నారు. రెండు మూడేళ్ళ మొక్క ఉపగ్రహానికి కనిపించేంత గుబురు కావడం మెట్ట నేలలో అంత సులువు కాదు కాబట్టి, అందులో తోటల వాటా ఎంత, పాత చెట్లు కోలుకున్న వాటా ఎంత, నాటినవాటి వాటా ఎంత అన్నది విడిగా చూపితే తప్ప ఆ ఘనతను ఎవరి ఖాతాలో వేయాలో తేలదు. మరోవైపు ఈ ప్రాంతపు అడవులకు ఆ కొలతలో అన్యాయమూ జరుగుతుంది. ఆకురాల్చే చెట్లు, ముళ్ళపొదలు కలిసిన పలచటి అడవి చాలా చోట్ల పది శాతం గీత దగ్గర ఊగిసలాడుతుంది. గీత దాటకపోతే అది పొదల భూమి కింద నమోదై అడవి లెక్కలోకే రాదు. పొదల భూమి అన్న ముద్ర పడ్డాక, అక్కడ ఏమీ లేదు గనుక ఏదైనా నాటవచ్చు అనుకోవడం పరిపాటి.

నేల, నీరు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో ఏడాదికి కురిసేది మోటుగా 600 నుంచి 750 మిల్లీమీటర్లు. గద్వాల, నారాయణపేట వైపు ఇంకా తక్కువ. రాష్ట్ర సగటు 900 మిల్లీమీటర్ల పైన ఉంటుంది. ఆ కురిసేదానిలో సింహభాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే పడుతుంది, మధ్యలో రెండు మూడు వారాల బెట్ట మామూలు. పైన ఎర్ర చెలక, దుబ్బ నేల; కింద కొద్ది అడుగుల్లోనే మొరం, ఆ కింద నల్లరాయి. ఇటువంటి నేల నీటిని త్వరగా తాగి, త్వరగా వదిలేస్తుంది. ఎండ లాక్కోగల నీరు కురిసే నీటికి రెండింతలకు పైమాటే. కాబట్టి ఇక్కడ చెట్టు బతకాలంటే మొదటి వానాకాలంలోనే వేరు రాతి పగుళ్ళ దాకా దిగాలి. ఆరుద్ర కార్తెలో నాటిన మొక్కకూ, ఆగస్టు చివర లక్ష్యం పూర్తిచేయడానికి నాటిన మొక్కకూ ఏప్రిల్‌లో కనబడే తేడా ఇదే.

నర్సరీ పద్ధతి కూడా ఈ అవసరానికి ఎదురు నడుస్తోంది. రోడ్డు పక్కన నాటడానికి మనిషి ఎత్తు మొక్కలు కావాలని అడుగుతారు. ప్లాస్టిక్ సంచిలో అంత ఎత్తు పెరిగేసరికి తల్లివేరు అడుగున చుట్టుకుపోతుంది. పైన ఆకు ఎక్కువ, కింద వేరు తక్కువ. ఆకు ద్వారా పోయే నీటిని వేరు పూడ్చలేదు. వేప, చింత, సీతాఫలం, జమ్మి వంటివి గింజగా నేలలో పడితే ముందు వేరునే కిందికి దించి, ఆ తర్వాతే పైకి పెరుగుతాయి. చూడటానికి ఏడాదిపాటు జానెడు కూడా ఉండవు, తనిఖీకి వచ్చిన అధికారికి కనబడవు. అయినా మెట్టకు సరిపడే పెంపకం అదే. బాలానగర్ పేరుతో దేశమంతటా తెలిసిన సీతాఫలం రకం పాలమూరు గుట్టల్లో ఎవరూ నీళ్ళు పోయకుండానే కాస్తోందన్న సంగతి ఇక్కడ గుర్తుచేయవలసినదే.

విత్తన బంతుల ఆలోచన ఈ కోణంలో సరైనదే. మహబూబ్‌నగర్ జిల్లాలో మహిళా సంఘాలు మట్టి, ఎరువు, గింజ కలిపి చేసిన బంతుల సంఖ్య 2021లో రెండు కోట్లు దాటింది; ఆ కార్యక్రమానికి గిన్నిస్ గుర్తింపూ దక్కింది. బంతి చేయడం సగం పనే. అది పడిన గుట్ట మీద మేత, నిప్పు ఆగాలి, రాళ్ళ మధ్య పిడికెడు మట్టి దొరకాలి. మూడు వేసవుల తర్వాత వాటిలో ఎన్ని మొలకలు నిలిచాయన్న లెక్క పక్కన లేకపోతే రికార్డు కేవలం బంతుల రికార్డుగానే మిగులుతుంది.

నీటి విషయంలో అన్నిటికన్నా ఆలోచించవలసింది గుబురు అడవుల పద్ధతి. జపాన్ వృక్షశాస్త్రజ్ఞుడు అకిరా మియావాకి పేరుతో ప్రసిద్ధమైన ఈ పద్ధతిని చౌటుప్పల్ దగ్గర తంగెడపల్లి అటవీ భూమిలో స్థానిక జాతులతో, తక్కువ ఖర్చుతో అమలుచేసి ‘యాదాద్రి నమూనా’ అన్నారు. ఎకరానికి దాదాపు 4,000 మొక్కలు. మొదటి మూడేళ్ళలో అది నిజంగానే అడవిలా కనిపిస్తుంది, పిట్టలు చేరతాయి, చూసినవారికి నమ్మకం కుదురుతుంది. కానీ లెక్క వేసి చూడాలి. 650 మిల్లీమీటర్ల వాన ఎకరం మీద పడితే దాదాపు 26 లక్షల లీటర్లు. ఒక్క చుక్క కూడా పారిపోలేదు, ఆవిరి కాలేదు అనుకున్నా 4,000 మొక్కలకు పంచితే ఏడాదికి ఒక్కో దానికి 650 లీటర్లు. మూడు మీటర్ల ఎడంతో ఎకరానికి 450 నాటితే అదే వాన ఒక్కో మొక్కకు 5,800 లీటర్లు ఇస్తుంది. సహజమైన మెట్ట అడవిలో చెట్లు ఇంకా పలచగా ఉంటాయి, అదీ ఈ లెక్క వల్లనే. పట్టణాల్లో, కార్యాలయాల ఆవరణల్లో, పైపు నీళ్ళు అందేచోట గుబురు అడవి మంచి ఏర్పాటే. దాన్ని వర్షాధార భూములకు నమూనాగా చూపడం మాత్రం పొరపాటు. అందులో చాలా మొక్కలు ఒకదాన్నొకటి అణచుకుని చనిపోవడం పద్ధతిలోనే ఉంది, మిగిలినవి బోరు నీటికి అలవాటుపడతాయి.

చెట్లు ఎంత ఎక్కువుంటే భూగర్భజలం అంత పెరుగుతుందనే నమ్మకాన్ని కూడా కొంచెం సవరించుకోవలసి ఉంది. నల్లగొండకు దగ్గరి వర్షపాతమే ఉండే పశ్చిమ ఆఫ్రికా దేశం బుర్కినా ఫాసోలోని సపోనే ప్రాంతంలో జరిపిన పరిశోధన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. చెట్లే లేని నేలలో వాన నీరు ఇంకక పారిపోతుందనీ, చెట్లు మరీ చిక్కగా ఉంటే ఇంకిన నీటిని అవే తాగేస్తాయనీ, పలచగా విడివిడిగా చెట్లున్న చేలలోనే లోతుకు దిగే నీరు ఎక్కువనీ అందులో తేలింది. నల్లగొండ జిల్లాకు ఇది పుస్తకాల చర్చ కాదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు దశాబ్దాలపాటు ఫ్లోరైడ్ నీళ్ళతో జనం ఎముకలు వంకరపోయిన జిల్లా ఇది. అదే జిల్లా బత్తాయికి పెట్టింది పేరు. కరవు వచ్చిన ప్రతిసారీ బత్తాయి తోటను బతికించడానికి రైతు ఇంకో బోరు, ఇంకో వంద అడుగులు లోతుకు వేశాడు. బోరు ఎండినప్పుడు పదేళ్ళ తోటను కొట్టి పొయ్యిలో పెట్టాడు. ఉపగ్రహపు పటంలో తోట పచ్చగా కనబడినన్నాళ్ళూ కింద నీటిమట్టం దిగుతూనే ఉంది. వనీకరణ లెక్కలను భూగర్భజల శాఖ లెక్కల పక్కన పెట్టి చదవకపోతే ఈ రెండో సగం ఎప్పటికీ కనబడదు.

పంచాయతీ మీద పడిన భారం

2018 పంచాయతీరాజ్ చట్టం చెట్ల పెంపకాన్ని గ్రామ పంచాయతీ బాధ్యత చేసింది. ప్రతి గ్రామానికి నర్సరీ, బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి, నాటినవాటిలో 85 శాతం బతకకపోతే సర్పంచి, కార్యదర్శుల మీద చర్య. తర్వాత పల్లె ప్రగతిలో పంచాయతీలకు ట్రాక్టరు, ట్యాంకరు సమకూర్చారు. 2020 నుంచి పల్లె ప్రకృతి వనాలు, అంటే ఊరి చిన్న తోపులు వచ్చాయి. ఇంత దూరం వెళ్ళిన చట్టం దేశంలో అరుదు. ఊరి మొక్కకు ఊళ్ళోనే ఒక జవాబుదారు ఉండాలన్న ఆలోచనను తప్పుపట్టలేం.

అయితే 85 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని గద్వాలకూ ఆదిలాబాద్‌కూ ఒకేలా ఎందుకు పెట్టారో చెప్పడం కష్టం. శిక్ష భయం ఉన్నచోట లెక్క ముందు మారుతుంది, నేల తర్వాత మారుతుంది. చచ్చిన మొక్క గుంతలో వచ్చే జూలైలో కొత్త మొక్క పెడితే కాగితం మీద బతికిన శాతం పడిపోదు, నాటిన సంఖ్య కూడా పెరుగుతుంది. ఒకే గుంత నాలుగేళ్ళలో నాలుగు మొక్కలను లెక్కలోకి ఎక్కించగలదు. రెండో పర్యవసానం జాతుల ఎంపిక. కార్యదర్శికి కావలసింది త్వరగా పచ్చబడే, మేక ముట్టని మొక్క. అందుకే రోడ్ల పక్కన కానుగ, గ్లిరిసీడియా, కోనోకార్పస్ వరుసలు కట్టాయి. కోనోకార్పస్ పుప్పొడి మీద, వేళ్ళ మీద ఫిర్యాదులు ముదిరి, 2022 నాటికి రాష్ట్ర ప్రభుత్వమే దాన్ని ఇక నాటవద్దని చెప్పవలసి వచ్చింది. ఆ మొక్కను ఎంచుకున్నవారిది మూర్ఖత్వం కాదు. నియమం కోరినదాన్నే వారు ఇచ్చారు.

నీళ్ళ ఖర్చు సంగతి ఎవరూ పైకి చెప్పరు. ఒక ఊళ్ళో రోడ్ల వెంట 2,000 మొక్కలున్నాయనుకుందాం. వేసవిలో వారానికి మొక్కకు 15 లీటర్లు పోసినా 30,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకరు ఆరుసార్లు తిరగాలి. ఫిబ్రవరి నుంచి జూన్ నడిమి దాకా వందకు పైగా ట్రిప్పులు. డీజిలు, మనిషి, అన్నిటికన్నా ముందు బోరులో నీళ్ళు ఉండాలి. ఉపాధి హామీ డబ్బు ఈ పనిలో కొంత ఆదుకుంది. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిసి పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతికి వెళ్ళాయి. ఎన్నికలు జరిగేసరికి 2025 డిసెంబరు వచ్చింది. ఈ మధ్యకాలంలో డీజిలుకే కటకటలాడిన పంచాయతీల్లో వేసవి ఎలా గడిచి ఉంటుందో ఊహించవచ్చు. హరితహారం పేరు పోయి వన మహోత్సవం పేరు వచ్చింది గానీ, పేరు మార్పు వల్ల ట్యాంకరు తిరిగే ఖర్చు మారలేదు.

మేత భూమి, గొర్రెల మంద

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు 1.91 కోట్లు, దేశంలో మొదటి స్థానం. గొర్రెల పెంపకానికి పాలమూరు, నల్లగొండ పెట్టనికోటలు. 2017 జూన్‌లో ప్రభుత్వం రాయితీ మీద గొల్ల, కురుమలకు గొర్రెల పంపిణీ కూడా మొదలుపెట్టింది. అంటే అదే ప్రభుత్వం, అవే ఏళ్ళలో, ఒక చేత్తో మందలను పెంచుతూ మరో చేత్తో ఆ మందలు మేసే బంచరాయిలలో (ఊరి ఉమ్మడి మేత బీళ్ళలో), గుట్టల మొదళ్ళలో, శిఖం అంచుల్లో కంచె కట్టి మొక్కలు నాటించింది. పల్లె ప్రకృతి వనానికి ఎకరం అడిగితే ఊళ్ళో తేలిగ్గా దొరికేది ఉమ్మడి మేత భూమే. ఎకరమే కదా అనిపించవచ్చు. కానీ ఆక్రమణలు, పట్టాలు, వైకుంఠధామం, చెత్త షెడ్డు అన్నీ పోగా ఊరికి మిగిలిన బంచరాయి చాలా చోట్ల ఐదారు ఎకరాలకు మించి లేదు.

వనీకరణ పత్రాల్లో మేత అనేది ‘బెడద’ కింద మాత్రమే రాస్తారు. ఇది సగం నిజం. మేక లేత చిగురును వదలదు, కొత్త మొక్కకు అది నిజంగానే చావు. గొర్రె మాత్రం ప్రధానంగా గడ్డి మేస్తుంది. గడ్డి మేయకుండా వదిలేసిన కంచెల్లో ఫిబ్రవరి, మార్చి నాటికి మోకాలెత్తు ఎండుగడ్డి నిలిచి, ఒక్క బీడీ ముక్కతో నాలుగేళ్ళ మొక్కలు మాడిపోయే ప్రమాదం ఉంటుంది. మందను సరైన నెలలో లోపలికి రానివ్వడం నిప్పుకు అడ్డుకట్ట. తుమ్మకాయ, జమ్మికాయ తిన్న గొర్రె పెంటికలలో గింజలు పడి మొలవడం, చేలో మంద పెట్టి ఎరువు చేసుకోవడం ఈ ప్రాంతంలో కొత్త సంగతులు కావు. సర్కారు తుమ్మ ఇంతగా విస్తరించడం వెనుక ఉన్నదీ పశువుల కడుపే కనుక, ఈ ప్రక్రియ మంచికీ చెడుకూ పనిచేస్తుందని ఒప్పుకోవాలి. మంద కాపరితో మాట్లాడి, గుట్టను మూడు ముక్కలు చేసి ఒక ముక్కను మూడేళ్ళు మూయడం, మిగిలిన రెంటిని తెరిచి ఉంచడం, మూసిన ముక్క నుంచి కోసిన గడ్డిని మోపుగా తెచ్చుకోనివ్వడం కంచె తీగకన్నా ఎక్కువ కాలం నిలిచే కాపలా.

మోళ్ళను కాపాడితే వచ్చేది

ఇది ఈ ప్రాంతానికి తెలియని విద్య కాదు. 1992లో ఉమ్మడి రాష్ట్రం అటవీ శాఖ, ఊరివారు కలిసి అడవిని చూసుకునే ఉమ్మడి అటవీ యాజమాన్యాన్ని మొదలుపెట్టి, 1994 నుంచి ప్రపంచ బ్యాంకు రుణంతో వన సంరక్షణ సమితులను విస్తరించినప్పుడు మంచి ఫలితం వచ్చిన చోట్ల ప్రధానంగా జరిగింది నాటడం కాదు. వంకర టింకర మోళ్ళను నేల మట్టానికి కోసి, వచ్చిన పిలకల్లో ఒకటి రెండు ఉంచి మిగిలినవి తీసేసి, గొడ్డలినీ నిప్పునూ ఆపడం. వాలుకు అడ్డంగా కందకాలు తవ్వడం. వేరు పాతది, లోతుగా దిగి ఉన్నది కాబట్టి పిలక మొదటి ఏడాదే మనిషి ఎత్తు లేస్తుంది, నీళ్ళు పోయనక్కరలేదు. ప్రాజెక్టు డబ్బు ఆగాక చాలా సమితులు పేరుకు మిగిలాయి. కలప మీద, ఫలసాయం మీద ఊరికి చెప్పిన వాటా గట్టి హక్కుగా మారకపోవడమే అందుకు ముఖ్య కారణమని చెప్పాలి; కూలి డబ్బు వచ్చినన్నాళ్ళే కాపలా నడిచింది.

వర్షపాతం ఇంతకన్నా తక్కువగా ఉండే అనంతపురం ప్రాంతంలో, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలోని కల్పవల్లిలో, 1990ల నుంచి టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో కొన్ని ఊళ్ళు వేల ఎకరాల బీడు గుట్టలను ప్రధానంగా ఇలాగే కాపాడుకున్నాయి. నిప్పును ఆపి, మేతను ఊరి కట్టుబాటులో ఉంచితే ముందు గడ్డి వచ్చింది, తర్వాత పొదలు, వాగుల వెంట ఈత చెట్లు. ఈత ఆకుతో బుట్టలు అల్లేవారికి పని దొరికింది. తర్వాత అవే కొండల మీద గాలిమరలు దిగి, వాటికోసం వేసిన దారులు చేసిన నష్టం వేరే కథ. రెవెన్యూ రికార్డుల్లో బీడుగా రాసి ఉన్న భూమికి ఎంత అడవి వచ్చినా రక్షణ లేదని అది చూపింది. నైజర్ దేశంలో 1980ల మధ్య నుంచి రైతులు తమ చేలలోని పాత మోళ్ళకు వచ్చే పిలకలను దున్నేయకుండా వదిలిపెట్టడం వల్ల దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి వచ్చాయి. అక్కడి ఎండకు నర్సరీ మొక్కలు అంతకుముందు పదే పదే చచ్చిపోయిన అనుభవం నుంచే ఆ దారి పట్టారు.

దక్షిణ తెలంగాణలో ఈ పనికి చోటు ఎక్కడుందో వెతకనక్కరలేదు. చట్టంలో ఉన్న 24కూ, ఉపగ్రహానికి కనబడే 19కీ మధ్యనున్న తేడాలో పెద్ద భాగం ఇటువంటి క్షీణించిన అటవీ భూమే. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం వదిలేస్తే, దేవరకొండ, చందంపేట, నారాయణపురం, కొడంగల్ వైపు ముక్కలు ముక్కలుగా ఉన్న అడవుల్లో నారేపి, చండ్ర, బిల్లుడు, అందుగు, మోదుగ మోళ్ళు ఇంకా బతికే ఉన్నాయి. నల్లమలలో చెంచులకు ఏ మోడు చిగురిస్తుందో, ఏది చచ్చిందో చెప్పగల జ్ఞానం ఉంది. వేసవి నిప్పును తొలిరోజే గుర్తించేదీ వారే. వారిని కాపలా కూలీలుగా మాత్రమే చూసే పద్ధతి వల్ల ఆ జ్ఞానం ప్రణాళికలోకి రావడం లేదు. ప్రాజెక్టుల కింద పోయిన అడవికి పరిహారంగా వచ్చే కంపా నిధుల్లో 2019లో రాష్ట్రానికి 3,110 కోట్ల రూపాయలు అందాయి. డబ్బు కొరత ఉందనడానికి అక్కడ వీలులేదు. ఆ డబ్బు ఎక్కువగా కొలవగలిగిన పనులకు, అంటే గుంతలకు, కంచెలకు, మొక్కలకు వెళ్ళడమే సహజం, ఎందుకంటే పిలకలు తీసిన పనికి బిల్లు రాయడం గుంతకు రాసినంత సులువు కాదు.

మోళ్ళు లేనిచోట, చెట్లు ఎప్పుడూ లేనిచోట ఏం చేయాలన్నది వేరే ప్రశ్న. మక్తల్, మాగనూరు, కృష్ణా మండలాల వైపు కృష్ణజింకలు తిరిగే గడ్డి మైదానాలు అడవి పోగా మిగిలిన బీళ్ళు కావు. గడ్డే వాటి సహజ రూపం. అక్కడ చెట్లు కిక్కిరిసేలా నాటితే జింక చేలోకి వస్తుంది, రైతుకూ అటవీ శాఖకూ ఇప్పుడున్న తగవు ఇంకా ముదురుతుంది. అటువంటి భూములను నాటకూడని జాబితాలో పెట్టడం కూడా వనీకరణ విధానంలో భాగం కావాలి.

పొలం ఒడ్డు మీది చెట్టు

ఉపగ్రహం పెద్దగా పట్టించుకోని ఒడ్డు మీది చెట్టే నిజానికి మెట్ట రైతుకు దగ్గరిది. వేప, చింత, నల్లతుమ్మ, తాటి, ఈత చెట్లు ఒకప్పుడు ప్రతి ఒడ్డు మీదా ఉండేవి. అవి తగ్గడానికి కారణాలు అడవి శాఖ పరిధిలో లేవు. పత్తికి నీడ పడదు, నల్లగొండ పత్తి జిల్లా. ట్రాక్టరు మలుపుకు చెట్టు అడ్డం. భూమి మాటమీద కౌలుకు ఇచ్చిన చోట, వచ్చే ఏడు అదే చెలక తన చేతిలో ఉంటుందో ఉండదో తెలియని కౌలుదారు పదేళ్ళకు కాయలిచ్చే చింత ఎందుకు పెడతాడు? యజమానికైనా పెంచిన చెట్టును కొట్టి అమ్ముకోవాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి, రవాణాకు ఇంకో అనుమతి. చెట్టును కాపాడడానికి పెట్టిన నియమం చెట్టు మొలవకముందే పీకేయడానికి ప్రేరణ ఇస్తోంది. సాధారణ వ్యవసాయ జాతులకు, సొంత భూమిలో పెంచినవాటికి ఈ అనుమతులను తేలిక చేయడం కోటి మొక్కల పంపిణీకన్నా చవకైన చర్య. హరితహారంలో గీత కార్మికుల కోసం చెరువు కట్టల మీద, కాలువ గట్ల మీద ఈత మొక్కలు పెట్టించడం మాత్రం తెలివైన పని. ఆ చెట్టు మీద ఆధారపడిన చేతులు పక్కనే ఉన్నాయి, కట్ట తేమ ఉంది, జాతి స్థానికం.

ఉన్న చెట్టు విలువ తెలుసుకోవడానికి మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రే చాలు. మూడెకరాల్లో ఊడలు దించిన, 700 ఏళ్ళదిగా చెప్పే ఆ మర్రిలో 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడితే, కారణం చెదలని తేలింది. సందర్శకులను ఆపి, కొమ్మలకు సెలైన్ బాటిళ్ళతో చుక్క చుక్కగా మందు ఎక్కించి, ఊడలకు గొట్టాలతో దన్ను కట్టి దాన్ని నిలబెట్టారు. ఒక్క చెట్టు కోసం ఇంత శ్రద్ధ పెట్టగలిగిన యంత్రాంగమే రోడ్డు వెడల్పు పనుల్లో వందేళ్ళ చింతలను, మర్రులను కొట్టి, బదులుగా మొక్కలు నాటుతామని రాసి ఇవ్వడం ఇక్కడి వింత.

విధానంలో మార్చవలసినవాటిలో మొదటిది చెల్లింపుల కాలం. ఇప్పుడు ఖర్చులో ఎక్కువ భాగం మొదటి వానాకాలంలోనే, గుంతకూ మొక్కకూ నాటుకూ అయిపోతుంది. చెల్లింపులో కనీసం సగాన్ని మూడో వేసవి దాటాక బతికి ఉన్న చెట్టుకు ముడిపెడితే, చచ్చిన గుంతలో మళ్ళీ నాటి సంఖ్య పెంచుకోవడంలో లాభం ఉండదు. ఒడ్డు మీద తనంత తాను మొలిచిన వేపను, గుట్ట మీద లేచిన చండ్ర పిలకను కాపాడినవారికీ అదే రేటు ఇవ్వవచ్చు. 85 శాతం నియమాన్ని వర్షపాతం బట్టి మండలానికొక అంకెగా మార్చి, తనిఖీని జూలైలో కాక మే నెలలో చేయాలి. రెండోది వరుస మార్చడం. ప్రస్తుతం ముందు నర్సరీ లక్ష్యం వస్తుంది, నవంబరు, డిసెంబరు నెలల్లో సంచులు నింపుతారు, ఆ తర్వాత ఎక్కడ నాటాలన్న వెతుకులాట మొదలవుతుంది. అంతకుముందు వేసవిలోనే, ఆకు రాలి నేల బయటపడే మార్చి, ఏప్రిల్ నెలల్లో, ఊరి గుట్టల మీద, అటవీ ముక్కల్లో బతికున్న మోళ్ళను కాపరులను, చెంచులను వెంటపెట్టుకుని లెక్కించవచ్చు. ఎకరానికి తగినన్ని మోళ్ళున్న చోటును నాటే జాబితా నుంచి తీసేసి మేత కట్టుబాటు కిందికి తెస్తే, నర్సరీలో నింపవలసిన సంచుల సంఖ్య మిగిలిన జాగాను బట్టి తేలుతుంది.